యాదమ్మ సైకిల్ దిగే చోటు

1996, నల్లగొండ. జిల్లాకు సైక్లింగ్ కోచ్‌గా కాంట్రాక్టు మీద వచ్చాను. పుట్టింది, పెరిగింది హైదరాబాద్‌లో. కోచ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక స్కూలు గ్రౌండు, తాళం సరిగ్గా పడని ఒక గది, మూడు పాత రేసింగ్ సైకిళ్లు, అంతే. వచ్చిన వారానికే విసుగు పుట్టింది. రోజుకు రెండుసార్లు ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, బదిలీ చేయమని హైదరాబాద్ ఆఫీసు ప్రాణం తీసేవాణ్ణి. బూత్ అతను నన్ను దూరం నుంచి చూడగానే రిసీవర్ తుడిచి పెట్టేవాడు. నా చేతిలో అది లేకుండా ఊళ్లో ఎవరైనా నన్ను చూశారో లేదో అనుమానమే.

యాదమ్మను మొదటిసారి దేవరకొండ రోడ్డు మీద చూశాను. ఎత్తు మీద లారీ ఒకటి మూలుగుతూ పోతుంటే, పరికిణీ ఎగ్గట్టి, అన్న పాత సైకిల్ మీద ఆ లారీని దాటేసి పోతోంది. ఇంటర్ రెండో సంవత్సరం. బస్సు వాళ్ల ఊళ్లో సరిగ్గా ఆగదని రోజూ సైకిల్ మీదే కాలేజీకి వచ్చేది. తండ్రి బీరయ్య కురుమాయన, గొర్లు కాస్తాడు. నేను స్కూటర్ అడ్డం పెట్టి ఆపాను.

"రేసు తొక్కుతవా?"

"తొక్కితే ఏమిస్తరు సార్?"

"గెలిస్తే హైదరాబాద్‌ల స్పోర్ట్స్ హాస్టల్. తిండి, చదువు, సైకిల్, అన్నీ వాళ్లవే."

"ఓడితే?"

"ఓడితే గీ సైకిలే."

నవ్వింది. మర్నాడు గ్రౌండ్‌కు వచ్చింది.

హాస్టల్ సీట్లు రెండే. వయసు ప్రకారం ఆమెకు అదే ఆఖరి ఏడాది. ఆ సీటు రాకపోతే ఇంటర్ తర్వాత చదువు ఆగిపోతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నా దగ్గరున్న మంచి వస్తువు ఆమెకే ఇచ్చాను. అది క్లిప్‌లెస్ పెడల్స్ జత. హైదరాబాద్‌లో ఒక సీనియర్ రేసర్ వాడి వాడి పక్కన పెట్టినవి. వీటికి బూటు అడుగున క్లీట్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. దాన్ని పెడల్‌లోకి నొక్కితే టక్కున పట్టేసుకుంటుంది. అప్పుడు కాలు కిందికి తొక్కేటప్పుడే కాదు, పైకి లాగేటప్పుడు కూడా బలం చక్రానికి అందుతుంది. బయటికి తీయాలంటే మడమను పక్కకు తిప్పాలి. నేరుగా పైకి లాగితే రాదు. మనిషి, సైకిల్ కలిసి పడతాయి.

బూట్లు ఆమెకు పెద్దవి. ముందు భాగంలో గుడ్డలు కుక్కాము. ఇలాంటివి కొత్తగా వేసుకున్న వాళ్లందరూ మొదటి రోజు నాలుగైదు సార్లు పడతారు, నేనూ పడ్డాను. యాదమ్మ పడలేదు. సాయంత్రానికి మడమ తిప్పడం, కాలు దించడం, మళ్లీ పెట్టడం అన్నీ వచ్చేశాయి. మా సైకిళ్లు బాగుచేసే ఖాజా భాయ్ గోడకు ఆనుకుని చూస్తూ, "అరే సాబ్, గీ పోరి బూట్లతోనే పుట్టినట్టున్నది" అన్నాడు.

కానీ రోడ్డు మీదికి తీసుకెళ్లాక పడటం మొదలైంది.

మొదట ఒక హోటల్ ముందు పడింది. తర్వాత ఒక ఊరి మలుపులో. మోచేయి గీసుకుపోయింది. పెడల్ స్ప్రింగ్ మరీ బిగుతుగా ఉందేమో అనుకుని ఖాజా భాయ్‌తో వదులు చేయించాను. వదులు చేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు బూటు దానంతట అదే ఊడొచ్చి మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. మళ్లీ బిగించాం. మళ్లీ పడింది.

"సాబ్, పెడల్‌ల ఏం లేదు" అన్నాడు ఖాజా భాయ్, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ. "ఇగ నన్ను సతాయించకు."

ఒకరోజు స్కూటర్ మీద ఆమె వెనకాలే వెళ్లాను. బాగా తొక్కుతోంది. వాళ్ల ఊరు వచ్చింది. రోడ్డు పక్కనే కచ్చీరు ఉంది, అంటే ఊరి పెద్దమనుషులు కూర్చుని పంచాయతీలు చేసే అరుగు. నలుగురైదుగురు కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. అక్కడికి రాగానే యాదమ్మ వేగం తగ్గింది. నడుస్తున్న సైకిల్ మీంచి దిగడానికి కుడికాలు వెనక్కి విసరబోయింది. బూటు రాలేదు. దబ్బున పడింది.

అరుగు మీంచి ఒక ముసలాయన నవ్వాడు. "ఏం పిల్లా, కాళ్లు బండికి కట్టేసుకున్నవా? దొంగలెత్తుకపోతరనా?"

మిగతావాళ్లు కూడా నవ్వారు. నాకు తల మండిపోయింది. ఊరు దాటాక స్కూటర్ ఆపి ఆమె మీద అరిచాను.

"గ్రౌండ్‌ల మంచిగ తొక్కుతవ్, మనుషులు కనవడంగనే పడ్తవ్! గంత సిగ్గయితే ఎందుకొచ్చినవ్? ఇంట్ల కూసో!"

మోచేతి మీద మట్టి దులుపుకుని నా వైపు చూసింది. కళ్లలో నీళ్లేం లేవు.

"సిగ్గు కాదు సార్. కచ్చీరు కాడ పెద్దమనుషులుంటే బండి దిగి నడవాలె. ఆడివిల్ల బండి మీద పోతే మా నాయినకు మాటొస్తది. చిన్నప్పటిసంది దిగుతున్న. కచ్చీరు కనవడినా, హోటల్ కాడ పెద్దోళ్లు కనవడినా కాలు దానంతట అదే లేస్తది. మడిమె తిప్పాల్నని యాదికుండది."

"దిగకుంటే ఏమైతది? ఏం జేస్తరు?"

"మీకేం సార్. మీరు స్కూటర్ మీదికెళ్లి అడుగుతున్నరు."

ఆ సాయంత్రమే బీరయ్య దగ్గరికి పోయాను. గొర్ల దొడ్డి ముందు కూర్చుని ఉన్నాడు. భుజం మీద గొంగడి, పక్కన కట్టె. హాస్టల్ సీట్ల కోసం పెట్టే ట్రయల్ గురించి చెప్పాను. టైం ట్రయల్ అంటే అందరూ కలిసి బయల్దేరరు. ఒక్కొక్కరినీ కొంచెం కొంచెం తేడాతో వదులుతారు, ఎవరి టైం వాళ్లది. ఆ దారి వాళ్ల ఊరి కచ్చీరు ముందు నుంచే పోతుంది. ఆ ఒక్కరోజు యాదమ్మ దిగకూడదు, దిగితే సీటు పోయినట్టే.

బీరయ్య భుజం మీద గొంగడి సర్దుకున్నాడు.

"సారూ, మంద మేపాలంటే కచ్చీరు మీద కూసునే పటేళ్ల చెలకలల్లకెల్లే పోవాలె. రేపు వాళ్లు రావద్దంటే నా గొర్లు ఏం తినాలె?"

"ఒక్కరోజే గద! గవర్నమెంట్ పోటీ. వాళ్లెవలు ఆపెటోళ్లు?"

"ఆపరు సారూ. ఎవ్వలు ఆపరు. నువ్వు రేపో ఎల్లుండో పట్నం పోతవ్. మేం ఈడనే ఉండాలె గద."

నేను కోపంగా లేచాను. దొడ్డి దాటాక బీరయ్య వెనక నుంచి పిలిచాడు. "అడుగుత తియ్. పిల్ల దిగకుండ పోతదని నేనే అడుగుత. నువ్వు పరేషాన్ గాకు."

అడిగాడు కూడా. మర్నాడు యాదమ్మ వచ్చి, "ఒప్పుకున్నరంట సార్" అంది. ఎట్లా ఒప్పుకున్నారో తండ్రి ఆమెకు చెప్పలేదు. నేను అడగలేదు. నాకు కావలసింది ఒప్పుకోవడమే. మిగిలిన రోజులు కచ్చీరు ముందు దిగకుండా పోవడమే సాధన చేయించాను, కచ్చీరు బదులు గ్రౌండ్‌లో ఒక బెంచీ వేసి, దాని మీద ఖాజా భాయ్‌ని కూర్చోబెట్టి.

"చూడు సాబ్, నేను పటేల్‌నైన" అని మీసం తిప్పేవాడు. యాదమ్మ నవ్వుతూ దూసుకుపోయేది. కాలు లేవడం మానేసింది.

ట్రయల్ రోజు ఎండ పొద్దున్నే ఎక్కింది. సగం దారికి యాదమ్మ తనకంటే ముందు వదిలిన అమ్మాయిని దాటేసింది. నేను వెనకాలే స్కూటర్ మీద ఉన్నాను. వెళ్లొచ్చు కానీ సైకిల్‌ను తాకకూడదు, అదీ నియమం. స్టాప్‌వాచ్ చూసుకుంటున్నాను. ఇట్లాగే పోతే అందరికంటే మంచి టైం. ఇక వాళ్ల ఊరు.

కచ్చీరు మీద పెద్దమనుషులు నిండుగా కూర్చున్నారు. అరుగు ముందు, రోడ్డు అంచున, ఎండలో బీరయ్య నిలబడి ఉన్నాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు రెండు చేతుల్లో ఉన్నాయి. తారు రోడ్డు మీద ఉత్త కాళ్లతో.

బిడ్డ దిగకపోతే ఆమె బదులు తండ్రి నిలబడాలి. ఒప్పుకోవడం అంటే ఇదన్నమాట.

యాదమ్మ మడమ తిప్పింది. రెండు కాళ్లూ పద్ధతిగా, నేను నేర్పినట్టే వచ్చాయి. పడలేదు. సైకిల్ దిగి, క్లీట్లు రోడ్డు మీద టక్ టక్‌మంటుంటే తండ్రి దగ్గరికి నడిచింది.

"ఎక్కు! ఎక్కు యాదమ్మా!" అని నేను గొంతు చించుకున్నాను. వినలేదు.

"చెప్పులు తొడుక్కో నాయినా."

"పో బిడ్డా, పో, టైమైతది."

"నువ్వు తొడుక్కుంటెనే పోత. కాళ్లు కాలుతలేవా?"

బీరయ్య ఒకసారి అరుగు వైపు చూశాడు, ఒకసారి బిడ్డ వైపు చూశాడు. ఒక చెప్పు కింద వేసి కాలు పెట్టాడు. యాదమ్మ కదల్లేదు. రెండోది కూడా తొడుక్కున్నాక, ఆయన చంకలోంచి తలపాగా లాగి చేతిలో పెట్టింది. అప్పుడు సైకిల్ ఎక్కింది.

మూడో స్థానంలో వచ్చింది. కొన్ని సెకన్ల తేడా.

ఆ సాయంత్రం బూత్ నుంచి హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేసి ఇంకో సీటు ఇమ్మని బతిమాలాను, తర్వాత తిట్టాను. రూలు రెండు సీట్లే అన్నారు. రిసీవర్ విసిరికొట్టబోతే బూత్ అతను చేయి పట్టుకున్నాడు. "సార్, కోపం ఆఫీసు మీద, ఫోను నాది."

యాదమ్మ బూట్లు ఇవ్వడానికి వచ్చింది. గుడ్డలు తీసేసి, శుభ్రంగా తుడిచి తెచ్చింది.

"ఎందుకు దిగినవ్?" అన్నాను. అరవడానికి ఓపిక లేదు.

"పెద్దమనుషులకు దిగలే సార్. నాయినకు దిగిన."

"సీటు పోయింది."

"ఎరికే." బూట్లు నా చేతికిచ్చింది. "మీరు నేర్పిన తిప్పుడు మంచిగనే వచ్చింది గద సార్. ఈసారి పడలే."

తర్వాత ఆమె రేసులకు రాలేదు. నాకు హైదరాబాద్‌కు బదిలీ అయింది, తర్వాత మహబూబ్‌నగర్ వేశారు, ఇప్పుడూ అదే పని. క్లిప్‌లెస్ పెడల్ నుంచి కాలు తీయడం ఒక సాయంత్రంలో ఎవరికైనా నేర్పగలను. అది నేర్పితే కోచింగ్ అయిపోయిందనుకునేవాణ్ణి. ఎవరి కోసం, ఎక్కడ కాలు తీయాల్సి వస్తుందో అది పెడల్ చూస్తే తెలియదు, స్ప్రింగ్ బిగిస్తే పోదు.

అందుకే కొత్తగా ఎవరు వచ్చినా సీటు ఎత్తు కొలవకముందే ఒక ప్రశ్న వేస్తాను. నువ్వొచ్చే దారిలో సైకిల్ ఎక్కడెక్కడ దిగుతావు అని. కొందరు రైల్వే గేటు అంటారు, కొందరు ఘాట్ రోడ్డు అంటారు. కొందరు నేల చూస్తారు. ఆ నేల చూసేవాళ్లకు ఆ రోజు బూట్లు ఇవ్వను. స్కూటర్ తీసి, ముందు వాళ్ల ఊరికి పోతాను.