గోడ అవతల రొట్టె చప్పుడు

నాకు రాయడం అలవాటు లేదు. నాలుగో తరగతితో బడి మానేశాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులు కనిపిస్తే నవ్వుకోండి కానీ మధ్యలో ఆపకుండా చదవండి. ఇప్పుడు గోడ అవతల పక్కింటి కోడలు జొన్నరొట్టె కొడుతోంది. ఆ టపటప వినగానే నాకు తిమ్మక్క గుర్తొస్తుంది. వెనకే కోపం వస్తుంది. ఆమె పోయి ఇన్నేళ్లయినా అది తగ్గలేదు.

అయిజలో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఊరంతా తిమ్మక్క అనేవాళ్లు, నేను పెద్దమ్మ అనేదాన్ని. భర్త పోయాడు, పిల్లలు లేరు. పత్తి సీడ్ చేలలో పువ్వులకు చేత్తో పుప్పొడి అద్ది, క్రాసింగ్ చేసి బతికిన మనిషి. డెబ్బై దాటి, షుగరొచ్చి, మోకాళ్లు పట్టేసినా ఒక్కతే ఉండేది. సాయంత్రం నేను కూలి నుంచి వచ్చి పొయ్యి ముట్టించే వేళకు సరిగ్గా పిలిచేది.

"అనసూయా, జర వచ్చి నా కాళ్లు చూసిపోవే."

"నిన్న చూసిన గద పెద్దమ్మా. ఏం లేదు."

"నిన్నటి కాళ్లు నిన్నటియి. అరికాళ్లు సగం తిమ్మిరే. ఇయ్యాల ముల్లు దిగితే నాకెట్ల తెలుస్తది?"

చేతికి టార్చిలైటు ఇచ్చేది. నేను పైపైన చూస్తే ఊరుకునేది కాదు. "బస్సుల నుంచి ఊరు చూసినట్ల చూడకు. వేళ్ల సందుల చూడు" అనేది. అక్కడ నా కూర మాడిపోతుండేది. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేది. దొరసాని లెక్క కూసొని తానం చేస్తున్నవే అని ఒకసారి నవ్వాను. "నిలబడి చేసి పడితే మోసేది నువ్వే. నీ నడుము కోసమే కూసుంటున్న" అంది. నామీద దయ చూపిస్తున్నట్లే చెప్పింది.

రొట్టె మాత్రం పొద్దున్నే తనే చేసుకునేది. నేలమీద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి, అయినా సరే. నావి రెండు ఇస్తానంటే వద్దనేది. "నీ రొట్టె మందం. అది అరగాలంటే నేను మళ్ల చేనికి పోవాలె." చివరి రొట్టె పెనం మీద వేశాక ఉత్త పీట మీద రెండు దెబ్బలు కొట్టి చేతికంటిన పిండి దులుపుకునేది. ఆ రెండు దెబ్బలూ వినపడ్డాకే నేను పనికి బయలుదేరేదాన్ని. అది అలవాటైందని కూడా నాకు తెలియదు.

ఆమె చెల్లెలి కూతురు సుజాత గద్వాలలో ఉంటుంది. ఒకసారి వచ్చి, పెద్దమ్మ లేవలేక పడే పాట్లు చూసి, రొట్టెలు అమ్మే ఆమెతో మాట్లాడి రోజూ ఇంటికే పంపే ఏర్పాటు చేసింది. మంచి పనే. గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. కొన్నాళ్లకు అందరికీ అలవాటైంది.

ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి రొట్టెల సంచి ఆమె తలుపు గొళ్లేనికి ఇంకా వేలాడుతోంది. చీమలు పట్టాయి. లోపల గడియ పెట్టి ఉంది. మా ఆయన వెనక గోడ దూకి తలుపు తీశాడు. పెద్దమ్మ నీళ్లు వాడుకునే జాలారి దగ్గర పడి ఉంది, మణికట్టు ఉబ్బిపోయింది. పొద్దుటి నుంచీ అలాగే ఉందట. "గోడ కొట్టిన. వినేటోళ్లు ఎవరున్నరు?" అంది. తరువాత, "రొట్టెలన్ని చీమలకు పెట్టిన్రా?" అని నన్నే అడిగింది.

దవాఖానలో చేతికి కట్టు కట్టించాక సుజాత గట్టిగా పట్టుబట్టింది.

"ఇంగ చాలు పెద్దమ్మా, నాతోని గద్వాలకు రా."

"మీ ఇంట్ల నేనేం చెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దు. కూసొని తిను."

"అదేనే నా భయం." నా వైపు చూపించింది. "నా రొట్టె బందు పెట్టిన్రు. చప్పుడు బందైంది. చప్పుడు నడిచే దినాలల్ల అది ఇనపడకపోతే ఈ అనసూయ చేనికి పోకముందే వచ్చి చూస్తుండె."

సుజాత నా ముఖం చూసింది. నిజమేనని తలూపాను. అప్పుడే తెలిసింది, ఒంటరిగా ఉంటానని మొండికేసిన ఈ మనిషి నన్ను ఒక్క రోజు కూడా కాపలా నుంచి వదల్లేదని. ఒళ్లు మండింది.

చెయ్యి అతికేదాకా చూద్దామని సుజాత ఒప్పుకుంది. పొయ్యి ఎత్తుగా బండ మీదికి ఎక్కించి, ముందు కుర్చీ వేశాం. లోపలి గడియ పీకించాం. దానికి మాత్రం ఆమె ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"దొంగలొస్తరే."

"వస్తే నీ కాళ్లు చూడమని టార్చిలైటియ్యి. మళ్ల రారు" అన్నాను. మొదటిసారి ఆమె నవ్వింది.

మర్నాడు పొద్దున గోడ దగ్గరే నిలబడ్డాను. చాలాసేపు ఏమీ లేదు. ఆమె తలుపు దాకా నడిచాను. అప్పుడు టప టప మని రెండు దెబ్బలు. పిండి లేదు, రొట్టె లేదు. ఎడమచేత్తో ఉత్త పీట కొడుతోంది. నేను ఇంట్లోకి వచ్చి గరిటెతో గోడ మీద తిరిగి కొట్టాను. చెయ్యి అతికాక రొట్టెలూ మొదలయ్యాయి. గద్వాలకు పోనే లేదు. కొన్నేళ్లకు ఒక పొద్దున చప్పుడు రాలేదు. తలుపు తోసుకుని వెళ్లాను. నిద్రలోనే పోయింది. ముందు రోజు సాయంత్రం నాకు కాళ్లు చూపించుకునే పడుకుంది. ఒక్క గీత కూడా లేదు.

ఇప్పుడు నాకూ షుగరుంది, మా ఆయన లేడు. చివరి రొట్టె అయ్యాక ఉత్త పీట మీద రెండు దెబ్బలు కొడతాను. సాయంత్రం టార్చిలైటు పట్టుకుని పక్కింటి కోడలిని పిలుస్తాను. "నిన్న చూసిన గద అత్తా" అని ఆ పిల్ల విసుక్కుంటుంది. విసుక్కోనీ. వేళ్ల సందుల చూడమంటాను.

ఒత్తులు తప్పిన చోట మీరే సరిచేసుకుని చదువుకోండి. పెద్ద మనసుతో నన్ను మన్నించండి.