పక్కింటి తాతగారి లోకపు పాట

నిన్న గ్రోసరీ స్టోర్‌లో కొత్తిమీర కట్టలు ఏరుతుంటే పైనున్న స్పీకర్‌లోంచి ఒక పాత ప్రేమపాట వినిపించింది. నాన్న ఎక్కడైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను.

అది నా చిన్నప్పుడు అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మా పక్కింట్లో ఉన్న అమెరికన్ తాతగారు రాసిన పాట. వయసులో ఉండగా ఆయన అలాంటివి ఎన్నో రాశారట. దేశమంతా వాటిని పాడుకుందట గానీ, అందరికీ తెలిసింది పాడినవాళ్ల పేర్లే. ఆయన పేరు రికార్డు మీద చీమంత అక్షరాల్లో ఉండేది. స్కూల్ అయ్యాక, అమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా, నేను ఆయన పియానో పక్కనే కూర్చునేదాన్ని.

ఒకరోజు కుటుంబ ప్రార్థనలో నాన్న, "దేవుణ్ణి స్తుతించని ఈ లోకపు పాటలన్నీ సాతానువి. పాడినవాళ్లు నరకానికే పోతారు" అన్నారు. పాడితేనే నరకమైతే, రాసినాయన గతేమిటి?

మర్నాడు తాతగారు పియానో మూత తీయబోతే రెండు చేతులతో నొక్కి పట్టాను.

"నా పాట అంత ఘోరంగా ఉందా?" అని నవ్వారాయన. నేను ఏడ్చేశాను.

ఆ సాయంత్రం అమ్మ అంట్లు కడుగుతూ తాతగారి ఆ ప్రేమపాటే కూనిరాగం తీస్తోంది. పరిగెత్తుకెళ్లి ఆమె నడుం పట్టుకున్నాను.

"అమ్మా, పాడకు! హెల్‌కి వెళ్తావు!"

అమ్మ కుళాయి కట్టేసి నాన్న కారు దిగి లోపలికొచ్చే గరాజ్ తలుపు వైపు చూసింది. "నాన్నకి చెప్పకమ్మా" అంది, గొంతు తగ్గించి. తడిచేయి నా తల మీద పెట్టింది.

అమ్మకీ నరకమంటే భయమని చాలా ఏళ్లు అనుకున్నాను.