గుట్ట దిగిన వాచర్

నేను ఆదోని దగ్గర ఫారెస్టు బీట్ ఆఫీసరుగా చేరేనాటికే ఆయన అక్కడి గుట్టమీద అడవిని కాసే వాచర్. వానలు సరిగా పడని నేలలో కిందినుంచి బిందెలతో నీళ్లు మోసి, గుట్టమీద వాననీరు పారే వంక పొడుగునా వేప, సీతాఫలం మొక్కలను బతికించినవాడు. భార్య పోయాక గుట్ట కింది ఊళ్లో ఒక్కడే వండుకుని తినేవాడు. నన్ను అమ్మా అనేవాడు, నేను తాతా అనేదాన్ని.

వయసు మళ్లినవాళ్లను ఇక గుట్టలెక్కించొద్దని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ మాట ఆయనకు చెప్పాల్సింది నేనే. రోజుకూలీ మనిషి, పింఛను లేదు. ఊరికే పంపేయడానికి మనసొప్పక, ఆదోనిలో తెలిసినవాళ్ల పత్తి మిల్లులో గేటు కాపలా పని మాట్లాడాను.

"కాళ్లు ఇంకా బాగానే ఉండాయి కదమ్మా," అన్నాడు.

"గుట్టమీద పడితే ఎవరు చూస్తారు తాతా? మిల్లులో అయితే నీడలో కుర్చీ వేస్తారు."

"కుర్చీలో కూసోని ఏం సూసేది? వచ్చే లారీలు, పోయే లారీలు."

అన్నాడే గాని, నా మాట కాదనలేక మరునాడు మిల్లుకు వెళ్లాడు. అప్పుడప్పుడు నేను ఆగి పలకరిస్తే, తలమీద దూది నూగు దులుపుకుంటూ మొక్కల గురించే అడిగేవాడు. దగ్గు మొదలైంది. ఆ సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

ఎండాకాలంలో గుట్టకు నిప్పంటుకుంది. మేము ఎక్కేసరికి ఆయన అక్కడ ఉన్నాడు. మిల్లు గేటునుంచి పొగ చూసి ఆటో ఎక్కి వచ్చేశాడట. పచ్చికొమ్మ విరిచి మంటను కొడుతున్నాడు.

"దిగిపో తాతా!" అని అరిచాను.

"వంకలోకి మంట పోతే అన్నీ పోతాయమ్మా," అంటూ పొగలోకి దిగాడు. అంతలో గాలి తిరిగింది. మేము బయటికి లాగేసరికి మోచేతుల దాకా రెండు చేతులూ కాలిపోయాయి.

ప్రాణం నిలిచింది గాని వేళ్లు ముడుచుకుపోయాయి. గేటు గొళ్లెం తీయలేని మనిషిని మిల్లువాళ్లు మాత్రం ఎలా పెట్టుకుంటారు? ఎమ్మిగనూరులో కూలికి పోయే కూతురు తీసుకెళ్లింది.

నేను చూడబోయిన రోజు ఆమె జొన్నసంగటి ముద్దలు చేసి ఆయన నోట్లో పెడుతోంది.

"వంకలో సెట్లు బతికినాయా అమ్మా?" అనడిగాడు.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేదు తాతా. అన్నీ కాలిపోయినాయి."

ఇంకో ముద్ద తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, "వానకు ముందరే గుంతలు తీయించు. లోతుగా తీయమను," అన్నాడు.

కూతురు వాకిలిదాకా వచ్చింది. "నువ్వు మంచికే సేసినావు మేడమ్. మా నాయనకే ఆ మిల్లులో మనసు నిలవలేదు," అంది.

తొలకరి రాకముందే ఆయన పోయాడు. కబురందగానే వెళ్లాను. అందరూ వెళ్లాక కూతురు నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది: "మీ ఫారెస్టు నర్సరీలో మొక్కల సంచులకు మన్ను నింపే పని నాకేమన్నా ఇప్పిస్తావా?"

కనుక్కుంటానని చెప్పి ఆదోని బస్సెక్కాను.