కోళ్ళ దాకా వచ్చిన జవాబు

ఉగాండాలోని మా గండా వాళ్ళలో ఎదిగిన పిల్లకు ఒంటి సంగతులు చెప్పేది మేనత్త. తల్లి కాదు. నబతంజి మసాకా ఊళ్ళో బస్సుల అడ్డా దగ్గర అరటికాయలు కాల్చి అమ్ముతూనే మేనకోడళ్ళందరినీ చూసుకొనేది.

ఆస్పత్రి వాళ్ళు పిల్లల ఫోన్లలో ఒక యాప్ పెట్టించారు. హెచ్ఐవీ గురించి ఏ అనుమానమైనా అందులో అడగవచ్చు. జవాబు చెప్పడానికి నమ్మకమైన పెద్దమనిషిని ఎవరికి వారే ఎంచుకోవాలి. మేనకోడళ్ళు నబతంజినే ఎంచుకొన్నారు. ఆస్పత్రిలో ఆమెకు శిక్షణ ఇచ్చారు.

నాకయిజా కాలేజీ హాస్టల్లో ఉంటుంది. పంతొమ్మిదేళ్ళు. అత్త ఎదుట మర్యాదగా మోకాళ్ళ మీద కూర్చుంటే నోరు పెగలని మాట ఒక ఉదయం యాప్‌లో రాసింది.

"అత్తా, రాత్రి కండోమ్ చిరిగింది. భయమేస్తోంది."

జవాబు నబతంజికి తెలుసు. జబ్బు అంటకుండా ఆపే మందు ఉంది. మూడు రోజులు దాటకుండా మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. మసి చేతులు తుడుచుకొని, జవాబు యాప్‌లో మాట్లాడి రికార్డు చేసి పంపింది.

మధ్యాహ్నం బదులు వచ్చింది. "బాగున్నాం అత్తా. అమ్మ బాగుంది. ఇంటి దగ్గర కోళ్ళూ బాగున్నాయి."

మందు ఊసు లేదు. సిగ్గు కాబోలనుకొని మళ్ళీ పంపింది. మళ్ళీ కోళ్ళే బాగున్నాయి.

అప్పుడు తను పంపినది తనే విన్నది. పొద్దు ఎలా గడిచింది, ఇంట్లో వాళ్ళెలా ఉన్నారు, తోట ఎలా ఉంది, కోళ్ళు... అక్కడ తెగింది. యాప్ ఒక్క నిమిషమే వింటుంది. పలకరింపు ముగియకుండా సంగతిలోకి దిగడం మాలో లేదు. పెద్దల పలకరింపుకు అడ్డు తగలడం అసలే లేదు.

నబతంజి కళ్ళు మూసుకొంది. "వెంటనే రా. మందు ఉంది," అని మాత్రం పంపింది.

నాకయిజా అడ్డా దగ్గరికి పరుగున వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు.

"ఎవరు పోయారత్తా?"

"ఎవరూ పోలేదే!"

"మరి పలకరించలేదేం?"

"పలకరిస్తూ కూర్చుంటే కోళ్ళ దగ్గరే తెల్లారిపోయేలా ఉంది. ఎక్కు బండి, ఆస్పత్రికి."

ఆస్పత్రి ఇంకా మూయలేదు. నర్సు పరీక్ష చేసింది. ముందునుంచీ ఉన్న వైరస్ ఏదీ లేదు. మొదటి మాత్ర అక్కడే మింగించింది.

"నాలుగు వారాలు ఒక్కరోజు మానకూడదు. తర్వాత మళ్ళీ పరీక్ష," అంది నబతంజి. "ఆ అబ్బాయినీ పరీక్షకు తీసుకురా."

"నువ్వంటే వాడికి హడలు అత్తా."

"హడలనీ. ఇక్కడ బల్ల మీద కూర్చుని హడలమను."

నాకయిజా ఆ రోజు మొదటిసారి నవ్వింది.