తొలి వాన లెక్క

అండమాన్‌లోని ఆ చిన్న దీవికి నేనూ నా భార్యా వెళ్లినప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. పడవ దిగిన చోటి నుంచి దీవి అవతలి కొసకు ఎంత దూరమో మొదటి వారంలోనే అడుగులు లెక్కపెట్టి చూశాను. ఏడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. అంతకంటే చేయడానికి నాకు పనేమీ లేదు.

అంతకుముందు ఇరవై రెండేళ్లు రాయి కొలిచాను. చదువు ఏడో తరగతితో ఆగింది. ఆళ్లగడ్డలో శిల్పుల కొట్టాల దగ్గర తిరుగుతూ, రాయి పొడవూ వెడల్పూ మందమూ చూసి ఎన్ని ఘనపుటడుగులో, ఎంత బరువు తూగుతుందో, లారీ మోస్తుందో లేదో చెప్పడం నా అంతట నేనే నేర్చుకున్నాను. తర్వాత నంద్యాలలో, పాణ్యం వైపు పోయే రోడ్డు మీద ఒక బండల యార్డులో కుదిరాను. యజమానికి వయసు మీదపడి యార్డు మూసేశాక, దీవిలో మేస్త్రీ పని చేసే నా బావమరిది ఫోన్ చేశాడు.

"ఈడ ఇండ్లు కడతాండారు బావా. కొలిచేటోడు లేక అల్లాడతాండాం. అక్కను తోడుకోని రా."

మేం సామాను సర్దుకుని చేరేలోపు వాళ్ల కాంట్రాక్టరు వేరే మనిషిని పెట్టుకున్నాడు.

ఇల్లు దొరకడం ఇంకా కష్టమైంది. దీవిలో ఖాళీగా ఉన్న గదులన్నీ లాడ్జీల వాళ్లు తమ పనివాళ్ల కోసం తీసేసుకుంటారు. బావమరిది తొమ్మిది ఇళ్లు తిప్పాడు. పదోది ఒక పెద్దామెది. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల నాన్న కాలంలోనే వచ్చి స్థిరపడిన కుటుంబం. భర్త పోయాడు, వక్కతోట చూసుకుంటూ ఒక్కతే ఉంటుంది. వెనక గది చూపించి, "వానలు పడినదాకా ఉండండి బాబూ. లాడ్జీవోలు కూడా అడుగుతన్నారు. అప్పటికి నీకు పని దొరక్కపోతే ఆళ్లకిచ్చెస్తాను" అంది.

"సరేమ్మా."

"నువ్వేటి పని సేస్తావు?"

"కొలిచి లెక్కగట్టడం."

"ఏటి కొలుస్తావు?"

"ఏదైనా."

ఆమె నా వైపు చూసి, "అలగయితే మా నీళ్ల తొట్టి కొలు. ఏటా ఏప్రిల్‌లోనే అడుగంటిపోతంది, ఎందుకో సెప్పు" అంది.

ఆ తొట్టి ఇంటి పక్కన సిమెంటుతో కట్టింది. రేకుల కప్పు మీద పడిన వాన గొట్టం గుండా అందులోకి వస్తుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, అయిదు లోతు. నాలుగు వందల ఘనపుటడుగులంటే పదకొండు వేల మూడు వందల లీటర్లు. ముగ్గురికి రోజుకు నూట ఇరవై లీటర్ల చొప్పున తొంభై నాలుగు రోజులు. ఆమె రోజూ అందులోంచే నారుమళ్లకు కూడా తోడుతోంది, లోటు అక్కడుంది. సున్నపు ముక్కతో గోడ మీద లెక్క వేసి చూపించాను. మర్నాటి నుంచి నారుమళ్లకు స్నానాల నీళ్లు మళ్లించింది. మధ్యాహ్నం నా భార్యకు చేపల పులుసు గిన్నె ఇచ్చింది.

ఆ మాత్రం మెప్పుతోనే నేను చెడిపోయాను.

మే మొదటి వారంలో ఆమె పడవెక్కి పట్నం వెళ్లింది, రెండు రోజుల పని. వెళ్లేముందు తొట్టి మూతలోంచి గొట్టం లాగి పక్కకు తిప్పింది. "తొలి వాన వస్తే అలగే వొగ్గీండి. తొట్లోకి రానీకండి" అని ఇద్దరికీ చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. నంద్యాలలో వేసవి చివర మబ్బు పడితే ఏం చేస్తామో నా చేతులకు తెలుసు. బిందెలు, బకెట్లు, పప్పు గిన్నెలు, దొరికినవన్నీ మిద్దె తూము కింద వరసగా పెడతాం. నా చిన్నప్పుడు మా అమ్మ చాటలో చేరిన నీళ్లు కూడా బిందెలోకి వంపేది. ఇక్కడ రేకు మీద పడ్డ వాన గొట్టంలోంచి వచ్చి, నా కళ్ల ముందే ఇసుకలో ఇంకిపోతోంది. కప్పు నలభై అడుగులు, ఇరవై అయిదు అడుగులు. వెయ్యి చదరపు అడుగుల మీద ఒక అంగుళం వాన అంటే రెండు వేల మూడు వందల అరవై లీటర్లు. తొట్లో మిగిలింది జానెడు లోతే.

గొట్టం పట్టుకున్నాను.

"వద్దు. ఆయమ్మ ఏం చెప్పిపోయింది?" అంది నా భార్య.

"ఏమే, ఇరవై దినాల నీళ్లు ఇవి. ఇసకలో కలుపుతావా?"

"ఆమె ఈడనే పుట్టింది. మనం వచ్చి రెండు నెలలు."

"లెక్క యాడైనా లెక్కనే."

గొట్టాన్ని తొట్లోకి తోశాను. వాన నలభై నిమిషాలు కురిసింది. సాయంత్రం పుల్ల ముంచి చూస్తే నీళ్లు దాదాపు పదకొండు అంగుళాలు పెరిగాయి. అంగుళానికి కొంచెం తక్కువ వాన పడిందని లెక్క వేసుకున్నాను. హాయిగా నిద్రపోయాను.

పొద్దున మూత తీస్తే నీళ్లు టీ రంగులో ఉన్నాయి. పైన కుళ్లిన ఆకులు, పక్షుల రెట్టలు తేలుతున్నాయి, వాసన వస్తోంది. నాలుగు నెలల ఎండలో రేకు మీద చేరిందంతా తొలి వాన కడిగి తొట్లోకి తెచ్చింది. అంతకుముందు ఉన్న జానెడు మంచినీళ్లు కూడా అందులో కలిసిపోయాయి. నా భార్య ఖాళీ బిందె తీసుకుని వీధి కొళాయికి బయల్దేరింది.

మధ్యాహ్నం పడవకు పెద్దామె దిగింది. రేవు దగ్గరే చెప్పేశాను. ఇంటికి రాగానే సంచీ కూడా దించకుండా తొట్టి దగ్గరికి నడిచింది. మూత ఎత్తి చూసి వేసేసింది.

"లెక్కలొచ్చునన్నావు. పచ్చులు ఎక్కడ రెట్టేస్తాయో తెలీదా బాబూ నీకు?"

"తప్పయిందమ్మా. తొట్టి నేను కడుగుతా."

"కడుగు. సోమారం లాడ్జీ మేనేజరొస్తాడు, గది సూడ్డానికి."

అది బుధవారం. ఇంకా అయిదు రోజులుంది.

పదిహేను లీటర్ల బకెట్టుతో రెండు వందల యాభై సార్లు తోడి వక్కచెట్లకు పోశాం. నా భార్య తోడింది, నేను మోశాను. తాగడానికి అర కిలోమీటరు దూరంలోని కొళాయి నుంచి తెచ్చుకున్నాం. గురువారం సాయంత్రం వీపు నొప్పితో కూర్చుని ఆళ్లగడ్డలో నాకు తెలిసిన పెద్ద శిల్పికి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. ఊరి గొంతు వినాలనిపించిందేమో.

అంతా విని ఆయన చాలాసేపు నవ్వాడు. "ఏందప్పా, సముద్రం నడుమ కూచోని నీళ్లకేడుస్తాండావా?"

"నవ్వుతావులే అన్నా."

"కాదప్పా, మన గని నుంచి బండ వస్తే నువ్వు ఎట్ల రాసేటోనివి? పై తోలు పోను రాసేటోనివా, తోలుతోనా?"

"పోనే. నాలుగు పక్కలా అంగుళం తీసేసి."

"మరి నీళ్లకు తోలుండదా?"

ఎండకూ వానకూ మెత్తబడిన బండ పైపొరను చెక్కి పారేయాల్సిందే. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ దాన్ని నష్టమనుకోలేదు, కొలతలోనే ముందుగా తీసేసేవాణ్ణి. నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఒక్క చుక్క కూడా తీయలేకపోయాను. అలాగని వాననంతా వదలాల్సిన పని లేదు. ఆ తోలు మందమెంతో తెలిస్తే చాలు.

శుక్రవారం వాన రాలేదు. శనివారం పొద్దున వచ్చింది. పెద్దామెను అడిగి గొట్టం కింద బకెట్టు పెట్టాను. రెండు బకెట్లు నిండినప్పుడల్లా ఒక గాజు గ్లాసులో నీళ్లు పట్టి అరుగు మీద వరసగా పెట్టింది నా భార్య. మొదటిది టీ. రెండోది పల్చని టీ. అయిదో దానిలో అడుగున కొంచెం నలకలున్నాయి. ఆరో గ్లాసు వెనక వేలు పెడితే గోరు స్పష్టంగా కనిపించింది. నూట ఎనభై లీటర్లు. రెండు వందలు వదిలితే చాలనుకున్నాను.

బావమరిది సైటు నుంచి అన్ని లీటర్లు పట్టే ఒక పాత నీలం డ్రమ్ము, రెండు మూరల పైపు, గొట్టాన్ని రెండు దారులుగా చీల్చే జాయింటు ఒకటి తెచ్చాడు. వాన మొదట డ్రమ్ములోకి పోతుంది. డ్రమ్ము నిండాకే తొట్టివైపు సాగుతుంది. వాన వెలిశాక కింద కొళాయి తిప్పి డ్రమ్ము ఖాళీ చేసుకుంటే సరి. ఆ నీళ్లు నారుమళ్లకు పనికొస్తాయి. ఎండ ఎక్కువ రోజులు కాస్తే ఒక డ్రమ్ము చాలదని తర్వాతి ఏడాది తెలిసింది, రెండోది చేర్చాను.

ఆదివారం సాయంత్రం గంటన్నర వాన పడింది. ముగ్గురం వసారాలో నిలబడి విన్నాం. వాన మొదలయ్యాక, డ్రమ్ములో చప్పుడు ఆగి తొట్లో మొదలవడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. తెరిపిచ్చాక పెద్దామె చెంబు ముంచి, ముందు వాసన చూసి, తర్వాత తాగింది. మిగతాది నా భార్య చేతికిచ్చింది. నాకు ఇవ్వలేదు.

సోమవారం మేనేజరు వచ్చాడు. బెంగాలీ మనిషి. నంద్యాలలో సాయిబుల కొట్ల దగ్గర నేర్చుకున్న ఉర్దూ ఇక్కడ అందరితోనూ నాకు అక్కరకొస్తోంది. అతను గది సంగతి ఎత్తగానే పెద్దామె హిందీలో, గదిలో మనుషులున్నారని చెప్పేసి, అతణ్ణి చెయ్యి పట్టి డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లింది. మూత తీసి తొట్లో అడుగు చూపించింది. సిమెంటు మీద మేస్త్రీ తాపీ గీతలు కూడా కనిపిస్తున్నాయి.

అతను చాలాసేపు చూశాడు. వాళ్ల లాడ్జీలో పన్నెండు కుటీరాలున్నాయట, దిగినవాళ్లు నీళ్ల గురించి రోజూ గొడవ పడుతున్నారట. "ఇది మాకు చేసి పెట్టేవాళ్లెవరు?" అన్నాడు.

"ఈ బాబే" అంది పెద్దామె. నా వైపు తిరిగి తెలుగులో, "పచ్చులెక్కడ వాల్తాయో ముందు సూసుకో" అంది.

నా భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లింది.

కప్పు పొడవెంత, వెడల్పెంత అని మేనేజర్ని అడిగాను. అతనికి తెలియదు. కొలుద్దాం పద అని చెప్పులు వేసుకున్నాను.