పాపమ్మ ఇంటికి తెచ్చుకున్న గొంతు

రామకుప్పం దాటాక, అడవి అంచున ఉన్న రాగిచేను పాపమ్మది. గట్టున ఒక నల్లటి రాతిగుండు. ఫోనుకు సిగ్నల్ ఆ గుండు మీదే అందుతుంది. మూడేళ్లుగా పొద్దువాలే వేళ ఆమె దానిమీద కూర్చుని, చనిపోయిన భర్త గొంతు వింటోంది.

ఆమె భర్త మారప్ప చేనుమీదికొచ్చే ఏనుగులను అదిలించేవాడు కాదు, బతిమాలేవాడు. "సామీ, పిల్లోళ్ల కూడు సామీ, ఆ పక్క పో సామీ" అంటూ పొడుగ్గా పిలిచేవాడు. ఎవరో పరిశోధకుడు వచ్చి ఆ పిలుపును రికార్డు చేసి, తమ సంస్థ వెబ్‌సైటులో పెట్టాడు. రికార్డు మొదట్లో మారప్ప ఎవరికో బదులిస్తాడు: "ఆఁ, ఈడనే ఉండాను." అతన్ని పిలిచినవాళ్ల మాట మాత్రం తెగిపోయింది.

మొన్న ఆ పరిశోధకుడే ఫోన్ చేశాడు. నెలాఖరుకు ఆ పేజీ తీసేస్తారట.

పాపమ్మ బస్సెక్కి కుప్పంలో తహసీన్ నడిపే నెట్ సెంటర్‌కు వెళ్లింది.

"నేనెప్పుడో సేవ్ చేసుకున్నాలేమ్మా. ఉండాదో లేదో ఒకసారి సూసిపెట్టు." ఫోనులో పేజీ పైన తాను నొక్కిన నక్షత్రం గుర్తు చూపించింది.

తహసీన్ చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది దారి గుర్తు పెద్దమ్మా. వాళ్లు ఇల్లే తీసేస్తే దారి యాడికి పోతాది?"

పాపమ్మ వేలు తెరమీదే ఆగిపోయింది. ఇన్నాళ్లూ అతను తన ఫోనులోనే ఉన్నాడనుకుంది. ఎక్కడో, ఎవరి యంత్రంలోనో ఉన్నాడు. పిలిచినప్పుడల్లా ఆ గుండుదాకా వచ్చి, తిరిగి వెళ్లిపోతున్నాడు.

"ఇంటికి తెచ్చుకునేదెట్ల?"

"నేను చేస్తే నీకు రాదు. నువ్వే నొక్కు. ఆ కిందికి సూసే బాణం."

నొక్కింది. సన్నటి గీత మెల్లగా నిండింది. తహసీన్ చెప్పినట్టు ఫైల్స్ తెరిచి, డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లింది. అక్కడ కొత్త ఫైలు ఉంది, పేరుకు బదులు ఏవో అంకెలతో.

"ఇట్లనే వదిలితే రేపు నువ్వే గుర్తుపట్టవు. పేరు మార్చుదాం. మైకు నొక్కి ఆయన పేరు చెప్పు, అదే రాసుకుంటాది."

పాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనెన్నడూ పలకలే."

"ఇంత సిగ్గా పెద్దమ్మా? ఏనుగుల పాట అని పెట్టుకో, పోనీ."

"ఏనుగులకా ఏమి, నాకు కదా కావాల్సింది. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతాదంటారు."

తహసీన్ మైకు గుర్తు చూపించింది. తగ్గడానికి ఇంకేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

బయట బస్సు హారను ఆగేదాకా పాపమ్మ కాచుకుంది. ఫోను పెదవుల దగ్గరికి తెచ్చుకుని ఆ పేరు పలికింది. తెరమీద అక్షరాలు నీళ్లలోంచి తేలినట్టు లేచాయి.

"నెట్ ఆపి నొక్కి సూడు. అప్పుడు గూడా పలికితే, నీ దగ్గర ఉండేట్టే."

"ఈడ వద్దు పాపా."

చేను చేరేసరికి పొద్దు కుంకుతోంది. గుండు దగ్గర ఆగలేదు. సిగ్నల్ ఏనాడూ రాని గుడిసెలో కూర్చుని నెట్ ఆపింది, ఫైల్స్ తెరిచింది. అడవివైపు ఏనుగులు వెదుళ్లు విరుస్తున్న చప్పుడు. ఆమె అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"మా... ర... ప్ప."

నొక్కింది.

"ఆఁ, ఈడనే ఉండాను."

వెదుళ్ల చప్పుడు ఆగింది.