నాళం పక్కన ఎర్రటి చార

నిన్న ఫ్రీమాంట్‌లో స్నేహితురాలు లత వంటింట్లో లివర్ వేపుతుంటే అందరికీ ఆకలి పుట్టింది. నాకు మాత్రం సుభద్ర గారు గుర్తొచ్చారు. మా ల్యాబ్‌లో రోజూ అదే వాసన, తాలింపు ఒక్కటే తక్కువ. కాలేయంలోని కేన్సర్ గడ్డలోకి సూది దించి, దాని కొసను వేడెక్కించి, గడ్డను మాత్రమే చంపే పరికరం మాది. మనుషులకు వాడేముందు, మాంసం కొట్టు నుంచి తెచ్చిన ఆవు కాలేయం మీద పరీక్షించేవాళ్లం. సూది చుట్టూ ఎంతమేర తెల్లబడితే మనిషిలో అంతమేర గడ్డ చచ్చినట్టు లెక్క.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది సుభద్ర గారే. ఇంటర్వ్యూలో ఆవిడ అడిగిన ప్రశ్నే తప్పని వాదించాను. "ఈ నోరు నాకు కావాలి" అన్నారు. అంతకుముందు నా నోరు కావాలన్నవాళ్లు లేరు, మా ఆయనతో సహా. ఫలితం బాగా వచ్చిన రోజున ఆవిడ దగ్గర మెచ్చుకోళ్లు ఉండేవి కావు. కోసిన ముక్కను నా ముందు పెట్టి, "ఊఁ, పోట్లాడు" అనేవారు.

మొదటి పేషెంట్‌కి వాడే తేదీ దగ్గరపడింది. తెల్లటి గుండ్రాలు అచ్చు పోసినట్టు వస్తున్నాయి.

"ఇంత బాగుంటే ఏమని పోట్లాడనండీ?"

"బాగుందనే."

ముక్క వంక చాలాసేపు చూశాను. "ఇందులో రక్తం పారదు. మనిషిలో పారే రక్తం వేడిని లాక్కుపోతుంది. దానికోసం వేడి పెట్టే టైమ్ పెంచాం, సరే. కానీ అది కంప్యూటర్‌లో వేసిన లెక్కేగా, కళ్లతో చూశామా?"

"ఆ లెక్క ఎవరిది?"

"మీదే."

"అయితే నాతోనే పోట్లాడు."

మర్నాడు కాలేయంలోని పెద్ద నాళానికి గొట్టం తగిలించి, ఒంటి వేడి ఉన్న ఉప్పునీళ్లు పారిస్తూ సూదితో వేడిచేశాం. కోసి చూస్తే నాళం పక్కన ఎర్రటి చార మిగిలింది. మనిషిలో అయితే అక్కడ గడ్డ బతికే ఉంటుంది. మళ్లీ మళ్లీ చేసినా అదే చార.

"డేట్ ఫిక్స్ అయ్యాక డౌటా? లెక్క మీదే కదా, సుభద్రా" అన్నాడు డైరెక్టర్ మీటింగ్‌లో.

"నాదే. ఆ లెక్క తప్పు" అన్నారావిడ, గొంతు పెంచకుండా.

తేదీ వాయిదా పడింది. సాయంత్రం పార్కింగ్‌లో అడిగాను, నా మీద కోపమా అని.

"ఎందుకు రమా? ఆ పేషెంట్‌కి మనిద్దరి పేర్లూ తెలియవు. తెలియాల్సిన అవసరం రాకుండా చూడటమే మన పని."

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ కుర్చీలో నేనున్నాను. ఊళ్లోవాళ్లందరితో పోట్లాడటం నాకు తేలిక. బాగా వచ్చిన నా లెక్కతో పోట్లాడటమే ఇప్పటికీ కష్టం.

"ఉడికిందేమో చూడవే" అని లత గరిటె అందించింది. నేను చాకు తీసుకుని, ముక్కలో నాళం రంధ్రం ఉన్నచోట కోశాను.

"అక్కడెందుకే? మధ్యలో చూడు, బాగానే ఉంది."

"మధ్యలో ఎప్పుడూ బాగానే ఉంటుంది" అన్నాను. "ఇంకాసేపు ఉంచు."